మామయ్యగారి చేతిలో ఓడిపోదామని

ఓడిపోవడం కూడా చేతకాని మనిషిని మీరెక్కడైనా చూశారా? ఇదిగో, నేనే. గెలవడం రాకపోతే సరే, అది లోకంలో సగంమందికి ఉన్నదే. నేను ఓడిపోదామని కూర్చుని, చదివి, సాధన చేసి మరీ భంగపడ్డాను.

లాక్‌డౌన్ రోజులు. డబ్లిన్ పక్కన బ్లాంచర్డ్స్‌టౌన్‌లో అద్దె ఇల్లు. అత్తయ్యగారు పోయాక ఒంటరిగా ఉంటున్నారని మా ఆవిడ సుజన వాళ్ల నాన్నని తెనాలి నుంచి రప్పించింది. ఆయన దిగిన కొద్దిరోజులకే విమానాలు ఆగిపోయాయి. పాపం, రోజంతా సోఫాలో కూర్చుని కిటికీలోంచి వాన చూసేవారు. పలకరిస్తే "బానే ఉన్నా బాబూ" అనేవారు. నవ్వడం మాత్రం పూర్తిగా మానేశారు. మా ఆఫీసులోనూ ఉద్యోగాలు పీకేస్తారని గుసగుసలు, కాబట్టి నా మొహమూ ఏమంత వెలిగిపోవడం లేదనుకోండి.

ఒకరోజు సుజన వంటింటి ప్రెస్‌లోంచి, అదే, ఇక్కడివాళ్లు అలమారాని అలాగే అంటారు, చదరంగం బోర్డు తీసి నా చేతిలో పెట్టింది.

"నాన్నకి ఇదంటే ప్రాణం. రోజూ ఆడు. ఆడి ఓడిపో."

"ఓడిపోవడమేంటి?"

"గెలిస్తే మనిషి కాస్త తేరుకుంటాడు. కానీ కావాలని ఓడినట్టు తెలియకూడదు."

ఎంసెట్‌కి దేన్నయినా బట్టీపట్టి గట్టెక్కినవాణ్ణి నేను. ఓటమిని కూడా సిలబస్‌లాగే పట్టుకున్నాను. ఆట మొదలుపెట్టే పద్ధతుల్లో స్పానిష్ ఓపెనింగ్ అని ఒకటుంది, అందులో ఎక్స్ఛేంజ్ వేరియేషన్. తెల్లవాడు తన బిషప్‌ని ఇచ్చి నల్లవాడి గుర్రాన్ని తీసేస్తాడు. నల్లవాడి బంట్లు రెండు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుంటాయి, కానీ వాడికి బిషప్‌లు రెండూ మిగులుతాయి. పెద్దకాయలన్నీ మార్చేసుకుంటే చివరికి బంట్ల ఆటలో తెల్లవాడిదే పైచేయి. నావి ఎప్పుడూ తెల్లకాయలే, అంటే నేను ఓడాలంటే కాయలు మార్చుకోకూడదు. ఎంత సులువు!

సులువా నా బొందా. నేను మార్చుకోను మొర్రో అంటుంటే మామయ్యగారే బిషప్‌లు రెండూ తెచ్చి నా గుర్రాల మీద పడేసేవారు. నేను మంత్రిని దాచిపెడితే ఆయన మంత్రి వెతుక్కుంటూ వచ్చి ఎదురుగా నిలబడేది. ప్రతి ఆటా నేనే గెలిచాను.

"అద్భుతం అల్లుడుగారూ! మీ బుర్రే బుర్ర!"

వంటింట్లోంచి సుజన చూసే చూపుకి నాకు అన్నం సహించేది కాదు. పాపం పెద్దాయనకి ఈ పొజిషన్ అర్థం కావడం లేదని జాలిపడ్డాను. నా జాలి చూడండి!

చివరికి ఒక ఉచ్చు దొరికింది. నల్లవాడు తన బిషప్‌లలో ఒకదాన్ని నా రాజు ముందుకి తెస్తాడు. బంటుతో అదిలిస్తే పోడు, వెనక ఇంకో బంటుని నిలబెడతాడు. ఆ బిషప్‌ని తిన్నానా, ఆయన బంటు తిరిగి తింటుంది, నా రాజు పక్క వరస తెరుచుకుంటుంది, ఏనుగు అక్కడినుంచి చూస్తూ ఉంటుంది. ఇక నల్లమంత్రి ఆ మూలకి వస్తే నా పని సరి. ఆ సాయంత్రం అదృష్టవశాత్తూ అన్నీ అలాగే జరిగాయి. బిషప్‌ని ఆబగా తినేసి, గుర్రాన్ని బుద్ధిలేనివాడిలా ఇంటికి లాక్కుని, చేతులు కట్టుకు కూర్చున్నాను.

మామయ్యగారు బోర్డుని చాలాసేపు చూశారు. చూసి, అవతలి మూల బంటుని ఒక గడి జరిపారు.

నేనూ అటువైపే ఓ పనికిమాలిన బంటు జరిపాను. ఆయన ఇంకో బంటు జరిపారు.

"బాగా ఆలోచించండి మామయ్యగారూ."

"ఆలోచించే వేశాను బాబూ."

"మంత్రి ఊరికే కూర్చున్నట్టుందండీ."

"కూర్చోనివ్వండి. దానికీ లాక్‌డౌనే."

మళ్లీ బంటు! నాలో ఏదో పుటుక్కున తెగింది.

"అయ్యో మామయ్యగారూ, మంత్రిని ఇటు తెస్తే ఆటకట్టు కదండీ! ఎన్ని రోజులని ఓడిపోవడానికి చావమంటారు నన్ను?"

అన్నాక తెలిసింది ఏమన్నానో. ఆయన తలెత్తి నన్నే చూశారు. ఇంతకాలం జాగ్రత్తగా దాచిన గుట్టు నా నోటితోనే రట్టయింది, ఆయన మనసు ఎంత నొచ్చుకుందో ఏమో.

"మీరూ ఓడిపోదామనే ఆడుతున్నారా?" అన్నారు మెల్లగా.

"మీ... మీరూ అంటే?"

"మా అమ్మాయే చెప్పింది. ఆయనకి ఉద్యోగం దిగులు పట్టుకుంది నాన్నా, నువ్వు ఓడిపో, గెలిస్తే మనిషి కాస్త తేరుకుంటాడు అంది."

ఇద్దరం ఒకేసారి వంటింటివైపు తిరిగాం. టీ కప్పులతో గుమ్మంలో నిలబడ్డ సుజన, వచ్చినంత మెల్లగా వెనక్కి అడుగులేసింది.

ముందు మామయ్యగారి భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట. తర్వాత ఇల్లంతా మోగింది. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ, "మీ అత్తయ్య ఉంటే ఎంత నవ్వేదో!" అన్నారు. ఆవిడ పేరెత్తడం ఆయన ఐర్లాండ్ వచ్చాక అదే మొదలు. నాకూ కళ్లు చెమర్చాయి. నవ్వు వల్లే అని సుజనకి చెప్పాను.

"సరే అల్లుడుగారూ, ఇంక మర్యాదలు వద్దు," అని మంత్రిని తెచ్చి మూలన నిలబెట్టారు. ఇంకో ఎత్తుకి ఆటకట్టు.

ఆ రాత్రే ఒట్టేశాను పాఠకులారా, అన్నం మీద చెయ్యిపెట్టి మరీ: ఇక ఈ జన్మలో ఎవరి చేతిలోనూ కావాలని ఓడిపోను. ఆ ఒట్టు ఇప్పటికీ తప్పలేదు. విమానాలు తిరిగేదాకా మామయ్యగారితో రోజూ ఆడాను. ఓడిన ప్రతి ఆటా, అంటే ఆడిన ప్రతి ఆటా, నిజాయితీగానే ఓడాను.