చిన్నాయన చేసిన గుట్ట

నా చిన్నప్పుడు మా ఇంట్లో యుద్ధాలన్నీ వసారాలోని పాత చెక్కబల్ల మీద జరిగేవి. జనగామ స్టేషన్ దగ్గరి కొట్లో మా బాపు కొనుక్కొచ్చిన ఆకుపచ్చ ప్లాస్టిక్ సిపాయిలను నేనూ తమ్ముడూ సగం సగం పంచుకుని, ఎదురెదురుగా నిలబెట్టి, చింతగింజలు విసిరి పడగొట్టుకునేవాళ్లం. బల్ల నున్నగా ఉండేది. సిపాయిలకు చాటు అంటూ ఏమీ లేదు. కాసేపటికే ఎవరో ఒకరి సైన్యం నేలకూలేది. ఆ తర్వాత అసలు యుద్ధం నా జడ దగ్గర మొదలయ్యేది.

ఒక వేసవిలో మా చిన్నాయన ఇంటికి వచ్చేశాడు. ఆయన బాపుకు తమ్ముడు. మేం మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్‌లో కట్టెకోత మిషన్ దగ్గర పని చేసేవాడు. ఆ మిషన్ రంపంలో పడి కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. దవాఖానలో గాయం మానింది గానీ మనిషి తేరుకోలేదు. మమ్మల్ని కడుపు నొప్పి పుట్టేలా నవ్వించే ఆయన, వెనక అర్రలో గోడ వైపు తిరిగి పడుకుని, ఆ చేతిని తువ్వాలలో చుట్టి దాచుకునేవాడు. మా ఊరు దంతాలపల్లి, ఆ చుట్టుపక్కల చుట్టాలంతా పండ్లు, బ్రెడ్డు పట్టుకుని చూడవచ్చేవారు. "పాపం, ఎట్ల బతుకుతడో" అని అర్ర బయట నిలబడి అనుకునేవారు. ఆ మాట లోపలికి వినబడుతుందని వాళ్లకు తట్టేది కాదు. అమ్మ పెట్టిన కంచం చాలాసార్లు పెట్టినట్టే తిరిగొచ్చేది. బాపు తలుపు దాకా వచ్చి, ఆ కంచం చూసి పొలానికి వెళ్లిపోయేవాడు.

ఒక పొద్దున నేను తమ్ముడి చేతిలో ఓడిపోయి ఏడుస్తూ కూర్చున్నాను. మా అవ్వ, అంటే బాపు తల్లి, బియ్యం చెరుగుతున్నదల్లా చాట పక్కన పెట్టింది.

"గుట్ట లేదు, చెట్టు లేదు. గా మిల్ట్రీవాళ్లు యాడ దాక్కుంటరే పాపం? పో, ఓ గుట్ట చేసియ్యమని మీ చిన్నాయినను అడుగు."

"చిన్నాయినకు చెయ్యి బాగలేదు గదా అవ్వా?"

"నిన్ను చెయ్యి సంగతి అడగమన్ననా? గుట్ట అడగమన్న."

వెళ్లి అడిగాను. "నాతోని గాదు బిడ్డా, పో" అన్నాడు, తల తిప్పకుండానే. మర్నాడు అవ్వ మళ్లీ పంపింది. ఈసారి పొయ్యి దగ్గరి కట్టెల్లోంచి ఒక వేప మొద్దు తీసి నా చేతికిచ్చింది. నేను మంచం పక్కన చతికిలబడి నా కష్టమంతా చెప్పుకున్నాను. తమ్ముడి గురి గట్టిదని, ఎప్పుడూ నా సిపాయిలే ముందు చస్తారని, వాళ్లు నక్కడానికి ఇంత చోటుంటే చాలని. చిన్నాయన ఇటు తిరిగాడు.

"ఎంతెత్తు గుట్ట గావాలె?"

నాకు చెప్పడం చేతకాలేదు. చేత్తో చూపిస్తే ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వచ్చింది. చివరికి బల్ల చూడటానికి ఆయనే లేచి వచ్చాడు. వంటింట్లోంచి చూసిన అమ్మ పలకరించబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మొద్దును నేను రెండు చేతులతో పట్టుకున్నాను. ఆయన ఎడమచేత్తో రంపం పట్టాడు. అలవాటు లేని చెయ్యి కదా, రంపం గాడి తప్పి జారింది. మళ్లీ పెడితే మళ్లీ జారింది. ఎట్లాగో తెగిన ముక్క ఒకపక్క ఎత్తుగా, ఒకపక్క పల్లంగా వచ్చింది. చిన్నాయన రంపాన్ని నేలకేసి కొట్టాడు.

"చూసినవా? గింతే, ఇగ నా పని గింతే."

ఆ గొంతుకు నాకు భయమేసింది. కానీ ఆ ముక్కను బల్ల మీద పెడితే నిజంగా మా ఊరి బయటి గుట్టలాగే ఉంది. దాన్ని కూడా ఒకవైపు నుంచి ఎక్కగలం, ఇంకోవైపు నుంచి ఎక్కలేం.

"సక్కగుంటే పీటయితది చిన్నాయినా. గిది గుట్టనే" అని, దాని వెనక ఒక సిపాయిని నిలబెట్టాను. తల మాత్రమే కనబడుతోంది.

ఆయన వంగి ఆ తలను కాసేపు చూశాడు. పెదవి చివర చిన్న నవ్వు కదిలింది. తర్వాత తువ్వాల విప్పి భుజాన వేసుకుని, కుడిచేతికి మిగిలిన వేళ్లతో మొద్దును తానే అదిమి పట్టుకున్నాడు.

ఆ వేసవంతా బల్ల మీద ఒక ఊరు లేచింది. చెక్కకు బొరియలు పెట్టి పుల్లలు గుచ్చితే చెట్లయ్యాయి. వెదురు బద్దలు కంచె అయ్యాయి. గుట్టకు తుమ్మబంక పూసి, ఆకుపసరులో తడిపి ఆరబెట్టిన రంపపు పొట్టు చల్లితే దాని మీద పచ్చగడ్డి మొలిచింది. మా ఆట పొద్దంతా సాగేది. నేను కూడా గెలవడం మొదలుపెట్టాను. వాడకట్టు పిల్లలు తమకూ గుట్టలు కావాలని వచ్చారు. వాళ్ల వెనక వాళ్ల అమ్మలు, పీట విరిగిందని ఒకరు, కవ్వం కావాలని ఒకరు. చిన్నాయన మళ్లీ మిషన్ దగ్గరికి పోలేదు. మా వసారాలో మొదలైన ఆ పనితోనే తర్వాత రోడ్డు మీద చిన్న కొట్టు పెట్టుకున్నాడు, పెళ్లి చేసుకున్నాడు, పిల్లలను చదివించుకున్నాడు.

పెద్దయ్యాక అవ్వను అడిగాను, ఆ రోజు నువ్వే అడగక నన్నెందుకు పంపావని.

"ఇచ్చెటోళ్లు మస్తుమంది వచ్చిన్రు బిడ్డా. ఆనితోని పనుండి ఒక్కలు రాలె. నేనడిగితే ఊకెనే అడుగుతున్ననని ఆనికి సమజైతది. నీకైతే నిజంగనే గుట్ట గావాలె."

ఇప్పుడు నేను జనగామలో ఉంటున్నాను. మొన్న ఎండాకాలం ముందు మా పక్కింటి అక్క భర్త పోయాడు. ఆమె గడప దాటడమే మానేసింది. అందరం కూర గిన్నెలు ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి వచ్చేవాళ్లం. నేనూ అంతే చేశాను. ఒకరోజు కూర్చుని ఆలోచించాను, ఆమెతో నాకు నిజంగా ఉన్న అవసరం ఏమిటని. ఏటా నేను పెట్టే మామిడికాయ తొక్కుపచ్చడి బూజు పడుతుంది. ఆమెది ఎన్నడూ పట్టదు. మామిడికాయలు ఒక గంపలో పోసుకుని వెళ్లి, "జర దగ్గరుండి చెప్పక్కా, నాతోని అయితలేదు" అన్నాను.

ఆమె గంపలోకి తొంగిచూసి ఒక కాయను నొక్కింది.

"గివేం కాయలే? గిసొంటియి తెస్తే బూజు పట్టక ఏం జేస్తది?" అని నన్ను కసిరి, కొంగు నడుముకు దోపుకుని కత్తిపీట కోసం లోపలికి వెళ్లింది.