అత్త, అల్లుడు, జింకతోలు

మా అమ్మ పేరు వన్‌స్కే. ఆమె తోలు పనికి కూర్చుందంటే చుట్టుపక్కల గుడారాల ఆడవాళ్లు నోరు మూసుకోవాల్సిందే. "నీ తోలు కన్నా చెట్టు బెరడు నయం" అని ముఖం మీదే అనేసేది. అంత నోరున్న మనిషి మా బావ చతన్ ముందు మాత్రం మూగదైపోయేది. మా డకోటా తెగలో అత్తా అల్లుడూ మాట్లాడుకోకూడదు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకూడదు. అదే గౌరవం. మరదలిని కాబట్టి బావను ఆటపట్టించడం నా వంతు. ఆ వంతులో నేనెప్పుడూ లోటు చేయలేదు.

ఆ ఏడు చలి ముందే వచ్చిపడింది. అక్క హప్‌స్టిన్‌కు నెలలు నిండాయి. వేట దొరకడం లేదు. పుట్టబోయే బిడ్డను చుట్టడానికి మిగిలింది ఒక్కటే జింకతోలు. అమ్మ దాన్ని గీకి, జింక మెదడు పట్టించి, చేతులు పుళ్లు పడేలా సాగదీసి మెత్తన చేసింది. ఇక పొగ పట్టించాలి. పొగ తగలని తోలు తడిస్తే అట్టలా బిగుసుకుపోతుంది. తోలును సంచిలా కుట్టి గుంత మీద వేలాడదీసి, కింద పుచ్చుకట్టె రాజేసింది. మంట లేచిందా, అంతే సంగతులు.

నేను ఏటి అవతల పుచ్చుకట్టెలు ఏరుతున్నాను. బావ వేట నుంచి ఉత్త చేతులతో వచ్చాడు. ఆయన్ను చూడగానే అమ్మ మందపాటి దుప్పటి ముఖం మీదికి లాక్కుని, గుంత పక్కనే, ఆయనకూ గుంతకూ వీపు పెట్టి కూర్చుంది. అప్పుడే గాలి మళ్లింది. గుంతలో ఎర్రగా మంట లేచింది.

నేను అరిచాను. ఎదురుగాలికి నా అరుపు అటు చేరలేదు. బావ మంటను చూశాడు. నోరు తెరిచి మూశాడు. ఒక అడుగు వేసి వెనక్కి తగ్గాడు. పిలిస్తే అత్తకు అవమానం, దగ్గరికి వెళ్తే ఇంకా పెద్ద అవమానం. మంట తోలు అంచును తాకుతోంది. నా మనసులో ఆయన్ను తిట్టని తిట్టు లేదు.

బావ గిరుక్కున కాళ్ల దగ్గరి కుక్క వైపు తిరిగాడు.

"ఒరేయ్ నల్లోడా! ఏం చూస్తున్నావురా? తోలు కాలిపోతోంది! మట్టి పొయ్యి, మట్టి!"

అమ్మ దిగ్గున లేచి దోసిళ్లతో మట్టి పోసింది. అంచు నల్లబడిందంతే.

"నల్లోడా," అంది తల తిప్పకుండానే, "కాస్త ముందే మొరగొచ్చు కదరా?"

తొలి మంచు పడ్డ నాడు అక్కకు కూతురు పుట్టింది. అమ్మ కాలిన అంచును లోపలికి మడిచి, ఆ తోలులో బిడ్డను చుట్టి, బావ ముందు పడుకోబెట్టి ముఖం తిప్పుకుంది. బావ చేతులు చాచి, భయపడి ఆగిపోయాడు.

"తల కింద చెయ్యి పెట్టి ఎత్తుకోరా నల్లోడా," అంది అమ్మ.

కుక్క బయటెక్కడో ఎముక కొరుక్కుంటోంది. బావ బిడ్డను ఎత్తుకుని ఏడ్చాడు. ఆ రోజు ఆయన్ను ఆటపట్టించడానికి నాకు నోరు రాలేదు.