మూడో పిలుపు

ఈ కొండమీద నన్ను అందరూ రక్తం మేడమ్ అంటారు.

ఆరోగ్య కేంద్రంలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. జ్వరంతో వచ్చినవాళ్ళ వేలికి సూది గుచ్చి, గాజు పలక మీద రక్తపు చుక్క పామి, రంగు వేసి, మలేరియా ఉందో లేదో మైక్రోస్కోపులో చూడడం నా పని. కాబట్టి ఆ పిలుపులో అబద్ధం లేదు. వానాకాలంలో తల ఎత్తే తీరిక ఉండదు. చేలల్లో పసుపుపచ్చగా వలిసె పూలు పూసి, మంచు దిగే రోజులకి జ్వరాలు తగ్గుతాయి. అప్పుడు నాతో మాట్లాడేవాళ్ళు కూడా తగ్గుతారు.

దారిలో కనపడితే పిల్లలు తల్లుల వెనక్కి చేరతారు. ఒకసారి గుమ్మంలో కూర్చుని కొడుక్కి అన్నం పెడుతున్న ఒక తల్లి నన్ను చూపించి, "తింటావా, రక్తం మేడమ్‌ని పిలిసీమంటావా?" అంది. వాడు గబగబా ముద్ద మింగేశాడు. ఆమె నవ్వుతూ, "మీ పేరు సెప్తే సాలు మేడమ్, గిన్నె కాళీ అయిపోద్ది" అంది. నేనూ నవ్వాను. గదికొచ్చి డైరీలో "అది నా పేరు కాదు" అని రాసుకున్నాను. ఎదుటివాళ్ళతో అనలేనివన్నీ నేను అలా కాగితంతో అనేస్తుంటాను. కాలేజీ రోజుల నుంచీ అదే అలవాటు.

నా పేరు పిలిచే మనిషి ఇక్కడ ఒక్కతే ఉండేది. నేను అద్దెకున్న ఇంటి మామ్మ.

మామ్మ అంటే వరస కాదు, ఊరంతా అలాగే పిలుస్తుంది. ఆమెకి ఇంటి వెనక వాలులో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కొన్ని కాఫీ మొక్కలు, ఆ చెట్లకి పాకిన మిరియం తీగలు, కొంచెం పైన రాగులు పండే చోడి చేను ఉన్నాయి. ఒంటరిగా ఉంటుంది. సాయంత్రం నేను జీపు దిగి మలుపు తిరిగేసరికి మంచులో ఆమెకి నేను కనపడను. నా చెప్పుల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. వాకిట్లోంచి పేరు పెట్టి పిలిచేది. నా పేరులో ఒక ఒత్తుంది, అది ఆమె నోట నిలిచేది కాదు. చివరి అక్షరాన్ని మాత్రం వాలు దిగేదాకా సాగదీసేది. "బేగి రావే, అంబలి సల్లారిపోతంది!" అని దాని వెనకే ఇంకో కేక. రోజు మొత్తంలో నా పేరు నా చెవిన పడేది ఆ ఒక్కసారే. జీతం కాగితం మీద కూడా ఉంటుందిగానీ, కాగితానికి గొంతుండదు కదా.

ఇక నేను చూసే జపాన్ వాళ్ళ బొమ్మల సీరియల్ సంగతి. అనిమే అంటారు. హాస్టల్లో ఉన్నప్పుడు దాని మూలమైన మాంగాని ఫోనులో చదివాను. ఆ బొమ్మల పుస్తకాన్ని కుడి నుంచి ఎడమకి చదవాలి. గదిలో మిగతా అమ్మాయిలు "ఇంకా కార్టూన్లేంటే?" అని ఏడిపిస్తారని దుప్పటి కప్పుకుని చదివేదాన్ని. ఇక్కడ ఏడిపించడానికి ఎవరూ లేరు. సంతరోజున సిగ్నల్ దొరికే చోట నిలబడి నాలుగైదు భాగాలు దించుకుని, ఆదివారం వాకిట్లో కూర్చుని చూసేదాన్ని.

కథ విక్టోరియా రాణి కాలంనాటి లండన్‌లో జరుగుతుంది. గ్యాసు దీపాలు, తడి రాళ్ళ వీధులు, ఎటు చూసినా పొగమంచు. విషజ్వరానికి తల్లీ తండ్రీ పోయిన ఒక అమ్మాయి పెద్ద భవంతిలో మిగిలిపోతుంది. జ్వరాన్ని ఎవరో కావాలనే నీళ్ళలో కలిపారని ఆమె అనుమానం. కిటికీ తెరిచి పిలిస్తే ఒక నల్ల గుర్రబ్బండి వస్తుంది. బండి తోలేవాడి ముఖం టోపీ నీడలో కనపడదు. ఎక్కడికంటే అక్కడికి తీసుకెళతాడు, ఏ నిజమంటే ఆ నిజం చూపిస్తాడు. దానికి కిరాయి డబ్బు కాదు. ఆమె అతన్ని పిలిచిన ప్రతిసారీ, ఆమెని ఎరిగిన వాళ్ళలో ఒకరు ఆమె పేరు మర్చిపోతారు. మర్చిపోవడానికి ఇక ఎవరూ లేని రోజున ఆమె బండెక్కి అతనితో వెళ్ళిపోవాలి.

ఒక ఆదివారం మామ్మ ఎండబెట్టిన కాఫీ పిక్కల్లో నల్లవి ఏరుతూ నన్ను చూసింది.

"ఏటే అది? నవ్వవు, ఏడవవు, అలా గుడ్లప్పగించి సూత్తావు."

సిగ్గుపడుతూనే ఫోను ఆమె వైపు తిప్పాను. ఆ తర్వాత మాకది అలవాటైపోయింది. మాటలు జపాన్ భాషలో, కింద అక్షరాలు ఇంగ్లీషులో వస్తాయి. నేను బొమ్మ ఆపి తెలుగులో చెప్పాలి. నా గొంతు అంతసేపు వినడం నాకే కొత్త. మామ్మ చేతులు పిక్కల్లోనే ఉండేవి, కళ్ళు మాత్రం ఫోనులో.

"ఇది మనూరే గదే. ఇదే మంచు."

"కాదు మామ్మా, లండన్."

"ఏ ఊరైతేనేటి? ఇంత మంచులో ఆల్లకి ఎండబెట్టుకోడానికేటీ ఉండదేటి?" కాసేపాగి, "ఆ గుంట సేతులకి ఆ తొడుగులేటి, గజ్జేటి?" అని ఇంకోటి. "అంత పెద్దింట్లో ఒక్కతీ ఉంటాదేటి? ఇరుగూ పొరుగూ సచ్చినారేటి?"

నేను నవ్వాపుకోలేకపోయేదాన్ని.  ఆ ఆఖరి ప్రశ్నకి మాత్రం, ఎంత మంది ఉన్నా పలకరింపు లేకుండా ఉండవచ్చని ఆమెకి చెప్పబోయి, బొమ్మని ముందుకి కదిపాను.

బండివాడు మంచులోంచి అమ్మాయిని పిలిచే ఘట్టం వచ్చినప్పుడు మామ్మ పిక్కలు వదిలేసింది.

"పలక్కే! పలక్కు!" అని ఫోనుకే చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "నీకూ సెప్తన్నాను. మంచులో ఎవులైనా పిలిత్తే మొదటిసారికి పలక్కూడదు. రెండోసారికీ పలక్కూడదు. మూడోసారీ పిలిత్తే మనిసి. అవతలోటైతే రెండుతోటే ఆపేత్తాది."

తర్వాతి భాగంలో, చిన్నప్పుడు ఆ అమ్మాయిని భుజాన మోసిన ముసలి తోటమాలి ఆమె ముఖంలోకి చూసి "ఎవరమ్మా నువ్వు?" అంటాడు. ఈసారి నేను బొమ్మ ఆపలేదు. ఎలాగో ఒక్క ముక్కలో చెప్పాను. "పిలిచినప్పుడల్లా ఒకరికి పేరు పోతుంది మామ్మా, అందుకే."

మామ్మ చేతిలో పిక్క అలాగే ఉండిపోయింది. "పిలిసినప్పుడల్లానా?"

"ఆఁ, పిలిచినప్పుడల్లా."

మామ్మ ఆ పిక్కని చాటలో పడేసింది. చీకటి పడుతోందని చాట తీసుకుని లోపలికి వెళ్ళింది.

మర్నాడు సాయంత్రం జీపు దిగి మలుపు తిరిగాను. నా చెప్పులు చప్పుడు చేస్తూనే ఉన్నాయి. వాకిట్లోంచి, "వొచ్చినావేటే?" అని మాత్రం వినపడింది. ఆ తర్వాతి రోజూ అంతే. "ఓలమ్మీ", "ఒలే గుంటా", "ఇదిగో". అంబలి ఎప్పటిలాగే పెట్టేది, వేడినీళ్ళు కాచేది. పేరు మాత్రం లేదు. మొదట నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానేమో అనుకున్నాను. కావాలని చెప్పుల్ని నేలకేసి గట్టిగా రాస్తూ నడిచాను. మలుపు దగ్గర ఆగి దగ్గాను. లాభం లేకపోయింది. ఒకరోజు అమ్మతో ఫోనులో మాట్లాడుతూ ఏదో వంకతో నా పేరు నేనే గట్టిగా అన్నాను. మామ్మ రోట్లో రోకలి దబాదబా వేసింది, నా మాట నాకే వినపడలేదు.

నేనేం చేశానో తెలియలేదు. అడిగితే తెలిసేది. అడగడమే నాకు రానిది. సీరియల్ చూద్దామా అని ఫోను పట్టుకెళితే, "ఇప్పుడొద్దులే" అంది. ఆదివారాలు మళ్ళీ ఒక్కదాన్నీ చూడడం మొదలుపెట్టి, అదీ మానేశాను. ఆఖరి భాగం ఒక్కటి ఫోనులో అలాగే ఉండిపోయింది. ఆ భవంతిలో అమ్మాయి పేరు ఎరిగిన మనిషి అప్పటికి వంటామె ఒక్కతే మిగిలింది.

అదే వారంలో పైఆఫీసు నుంచి ఫోనొచ్చింది. కింద మైదానంలో మా ఊరి దగ్గరి ఆసుపత్రిలో నా ఉద్యోగంలాంటిదే ఖాళీ పడిందట. ఎప్పుడో నేను పెట్టుకున్న అర్జీ ఇప్పుడు కదిలింది. మందుల జీపు వచ్చినప్పుడు అవునో కాదో చెబితే చాలు, అవునంటే ఆ జీపులోనే దిగిపోవచ్చు. మా కేంద్రంలో నర్సమ్మ, "అదృష్టం మేడమ్ మీది, మమ్మల్నొగ్గేసి ఎల్లిపోతారేటి?" అంది. ఆమెకి కూడా నా పేరు తెలుసో లేదో.

మామ్మతో చెప్పాను. "నన్ను కిందికి రమ్మంటున్నారు."

"అలాగేటి," అంది పొయ్యిలోకి ఊదుతూ. పొగకి కళ్ళు తుడుచుకుంది. అంతే.

నాకు తెలియాల్సింది ఒక్కటే. ఈ కొండమీద నేనెవరో ఒక్క మనిషికైనా ఇంకా గుర్తుందా? లేకపోతే ఇక్కడున్నా ఒకటే, కిందున్నా ఒకటే. కింద కనీసం చలి ఉండదు.

జీపు వచ్చిన పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే, పెరట్లో నీళ్ళపొయ్యి దగ్గర కూర్చున్న నాకు ఇంటి గోడ కూడా కనపడలేదు. ఇంజన్ చప్పుడు కంచె దగ్గర ఆగింది. డ్రైవరు నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ఆర్డరు కాగితంలో ఉన్నట్టే పిలిచాడు. వాకిట్లో ఉన్న మామ్మ పలకలేదు. నేను లేవబోతుండగానే అతను రెండోసారి పిలిచాడు.

"ఆ పేరుగల్ల మనిసి ఈడ నేదు!" మామ్మ గొంతు మంచుని కోసినట్టు వచ్చింది. "పో! ఎనక్కి పో!"

నేను మళ్ళీ కూర్చుండిపోయాను. చేతిలో చెంబు ఉంది, అందులో నీళ్ళు కాళ్ళమీద పడ్డాయి. లేదట. ఆ పేరుగల మనిషి లేదట. సరే, సంచి సర్దుకుంటే సరిపోతుంది అనుకున్నాను. ఏడుపు కూడా రాలేదు.

కంచె దగ్గర డ్రైవరు మూడోసారి పిలిచాడు, ఈసారి విసుగ్గా.

అప్పుడు మామ్మ తీరిగ్గా, "మూడోసారీ పిలిసినావా? అయితే మనిసివే. నోనికి రా, టీ తాగుదువు."

"మనిసిని కాపోతే జీపెవులు తోల్తారే మామ్మా?"

"బండి తోలీవోడివి గనకే అనుమానపడ్డాను."

నేను తడికాళ్ళతో వాకిట్లోకి వచ్చాను. డ్రైవరు ఉన్నాడని కూడా చూడలేదు. నా జన్మలో ఎవరినీ అలా నిలదీయలేదు. "నా పేరు మర్చిపోయావా మామ్మా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "మరిసిపోకూడదనే గదే నోరు కట్టుకున్నాను. నువ్వే గదా సెప్పినావు, పిలిసినప్పుడల్లా పేరు పోద్దని."

"పిలిచినప్పుడల్లా అంటే..." ఆగిపోయాను. ఎవరిని పిలిచినప్పుడు? ఆ ముక్క నేను చెప్పలేదు. బండివాణ్ణి అనలేదు. పేరు పిలిచేకొద్దీ పేరే అరిగిపోతుందని ఆమె అర్థం చేసుకుంది.

"బొమ్మలని నాకు తెలీదేటి," అంది మామ్మ నా ముఖం చూసి. "తెలుసు. అయినా మొన్న పెద్ద పండక్కి మా అప్పని తలుసుకుందావంటే దాని పేరు నోటికి రానేదు. నాతోటి పుట్టినమనిసి. పొద్దున్నుంచి రేతిరిదాకా ఎతుక్కున్నాను, రానేదు. అలాటిది నీ పేరెంత? రోజూ వాడీసి నానూ పోగొట్టుకుంటే, నిన్ను పిలిసీ దిక్కు ఈ కొండమీదెవులున్నారే?"

డ్రైవరు టీ గ్లాసు పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

అరిగేది పేరు పిలిస్తే కాదని, బండివాణ్ణి పిలిస్తేనని నిదానంగా చెప్పాను. మామ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "అయితే సరిగ్గా సెప్పొద్దేటే! ఇన్నాల్లూ పేరు నోటిదాకా వొచ్చీసి, మింగలేక సచ్చినాను." మళ్ళీ ఏదో ఆలోచించి, "అయినా ఈ మంచు పోనీ, అప్పుడు పిలిత్తాను. జాగర్త పడితే ఏటి పోద్ది?"

"ఏం చెప్పమంటారు మేడమ్ ఆఫీసులో?" అన్నాడు డ్రైవరు.

"రానని చెప్పండి," అన్నాను.

జీపు వెళ్ళిపోయింది. నా బతుకేమీ మారిపోలేదు. పిల్లలు ఇంకా నన్ను చూసి దాక్కుంటూనే ఉన్నారు, నేను ఇంకా రక్తం మేడమ్‌నే. సాయంత్రాలు మలుపు తిరిగితే "వొచ్చినావేటే?" అనే వినపడేది. ఆఖరి భాగం నేను తెరవలేదు, మామ్మా అడగలేదు.

మంచు విడిచాక ఒక ఆదివారం మధ్యాహ్నం, కళ్ళు చెదిరే ఎండలో, నేను చేను గట్టున కూర్చుని చదువుకుంటుంటే కింద వాకిట్లోంచి పిలుపు వచ్చింది. నా పేరే. ఒత్తు ఎప్పుడూ లేదు, ఈసారి మధ్య అక్షరం కూడా లేదు. మొదటి అక్షరం, వెంటనే సాగిన చివరి అక్షరం. ఎవరైనా వింటే వేరే పేరు అనుకుంటారు. ఆ ఖాళీలో, మామ్మ నోటికి రాని వాళ్ళ అప్ప పేరు గుర్తొచ్చింది. పుస్తకం మూసి, రెండో పిలుపు రాకముందే "ఆఁ మామ్మా!" అని గట్టిగా పలికాను.

"మూడోసారికి గదే పలకమన్నాను!" అని కిందనుంచి తిట్టు వచ్చింది. "ఎన్నిమాట్లు సెప్పాలే నీకు?"