మసిగుడ్డలాంటి ఫిల్టర్

మా బాబాయి ఆటోనగర్‌లో లారీ మెకానిక్. ఎయిర్ ఫిల్టర్ మార్చకుండా బండి తెస్తే, ఓనరని కూడా చూడకుండా "ఊపిరాడని బండిని ఎట్లా తోలావయ్యా?" అని తిట్టేవాడు.

నిద్రలో ఆయనకే ఊపిరి ఆగిపోతోందని డాక్టరు సీప్యాప్ మిషన్ రాశాడు. మాస్కు పెట్టుకుని పడుకుంటే అది గాలిని లోపలికి నెడుతుంది. కొన్నాళ్లకు దుమ్ము వాసన, తుమ్ములు అంటూ మాస్కు తీసేసి పడుకోవడం మొదలుపెట్టాడు. రాత్రి నిద్ర చాలక ఒకరోజు పని మధ్యలో లారీ కిందే నిద్రపోతే కాళ్లు పట్టుకుని బయటికి లాగారు.

ఆ సాయంత్రం నేను మిషన్ వెనక చిన్న మూత తీశాను. తెల్లగా ఉండాల్సిన ఫిల్టర్ మసిగుడ్డలా ఉంది. నాకు ఒళ్లు మండింది.

"ఊరందరినీ తిడతావు. ఇదేంటి బాబాయ్?"

"ఇందులోనూ ఫిల్టర్ ఉంటుందని నాకెవడు చెప్పాడు?" అన్నాడు.

మర్నాడు మిషన్ అమ్మిన షాపుకెళ్లాం.

"పుస్తకంలో రాసుందండీ," అన్నాడు షాపతను. పుస్తకమంతా ఇంగ్లీషు.

"అమ్మేటప్పుడు తెలుగులోనే మాట్లాడావుగా?" అన్నాడు బాబాయి. ఆయనలో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు.

షాపతను కొత్త ఫిల్టర్ చేతికిచ్చి, దాన్ని ఎలా చూసుకోవాలో చెప్పినా బాబాయి కదల్లేదు. అప్పుడే ఒక పెద్దావిడ కొత్త మిషన్ పట్టుకుని వెళ్లబోతోంది. బాబాయి ఆమెకు మూత తీసి చూపించాడు.

"ఈ తెల్లదాన్ని ఉతకకూడదమ్మా. నెలకోసారి మార్చాలి, దుమ్ము పడితే ఇంకా ముందే."

ఆమె షాపతని వైపు తిరిగింది. "నాకిది చెప్పలేదేం?"

బాబాయి రెండు కుర్చీలు లాగాడు.

"కూర్చోండమ్మా. ఇతను అన్నీ చెప్పేదాకా మనం ఇక్కడే ఉందాం."