లామినేషన్ చేసిన చట్టం

2023 నవంబర్ 17, ఈ గల్ఫ్ దేశంలో సెలవు రోజైన శుక్రవారం, ఉదయం పదిన్నర. చర్చిలో ఆరాధన ముగించుకొని ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని మా ఫ్లాటుకు వచ్చేసరికి, కింద కఫ్టేరియా ముందు కూరగాయల వ్యాను ఆగి ఉంది. దాని పక్కన నిలబడిన పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూశారు.

“చట్టం రాసిన మేడం నువ్వేనా? గింత చిన్న పిల్లవేంది! కండ్లద్దాల ముసలామె అనుకున్న.”

“అద్దాలు బ్యాగులో ఉన్నాయన్నా,” అన్నాను.

ఆయనది జగిత్యాల వైపు. ఉమ్ సలాల్‌లో ఒక చిన్న కంపెనీకి ఎనిమిదేళ్లుగా వ్యాను నడుపుతున్నారు. నేను ఒక ఆఫీసులో పత్రాలు చూసే ఉద్యోగిని. కొన్నేళ్ల క్రితం, పని మారడం గురించి ఇక్కడి చట్టం చెప్పే సంగతులను తెలుగు చేసి, ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి తెలిసినవారికి పంచాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. గోదావరి జిల్లాలో మా గడపకు ఏ కాగితం వచ్చినా, నేను చదివి వినిపించేదాకా ఎవరూ భోజనానికి లేచేవారు కాదు. రాతలో ఒక్క మాట కూడా జారకూడదన్న జాగ్రత్త నాకు అక్కడే అలవడింది.

ఆయన తమ్ముడు అల్ షహానియాలో ఒంటెలను చూసుకుంటాడు. ఒకే దేశంలో ఉండి అన్నదమ్ములు ఏడాదికి రెండుసార్లు కలిస్తే గొప్ప. ఇప్పుడు తమ్ముడికి దగ్గరలోనే ఒక కంపెనీకి డ్రైవరు కావాలి. ఆదివారం లోపల మాట చెప్పమన్నారు.

“రానని చెప్దామనుకున్న. ఓసారి నిన్నడిగి చెప్దామని వచ్చిన.”

“ఎందుకు రానని?”

“నువ్వే రాసినవ్ గద!”

చొక్కా జేబులోంచి నా లామినేషన్ కాగితం తీసి, దానివైపు చూడకుండానే అప్పజెప్పారు: “యజమాని ఇచ్చు నిరభ్యంతర పత్రము లేనిదే కార్మికుడు వేరొకచోట పనిలో చేరరాదు. గా కాయితం మా కఫీల్‌ను, అదే యజమానిని, అడిగితె ‘మాఫీ’, లేదు పో అంటడు. ఖలాస్.”

ఆ నిబంధన 2020లోనే పోయింది. పోయిందన్న సంగతిని కూడా నేనే తెలుగు చేసి పంచాను.

“దీని తరువాత ఇంకో కాగితం రాలేదా అన్నా?”

“వచ్చింది.” పర్సులోంచి మడతలు పడిన కాగితం తీశారు. ‘పై నిబంధనకు బదులుగా ఈ క్రింది నిబంధన చేర్చబడినది’ అని మొదలవుతుంది. “ఇది సమజ్ కాలే. నువ్వు రాసినవని పారేయలే. గని గిది కచ్చా కాయితం గద చెల్లె. ప్లాస్టిక్ ఏసింది పక్కాది.”

అది మా ఆఫీసులో లామినేషన్ మిషన్ చెడిపోయిన వారం. అంతకు మించిన కారణం లేదు. మూడేళ్లుగా రెండు కాగితాలూ ఆయన దగ్గరే ఉన్నాయి. పోరాదన్నదీ, పోవచ్చునన్నదీ, రెండూ నేను రాసినవే.

కఫ్టేరియాలో కూర్చొని, కరక్ చాయ్ తెప్పించి, తెల్ల కాగితం తీశాను. ‘రెండు సంవత్సరములకు మించి సేవలందించిన కార్మికుడు’ అని మొదలుపెట్టగానే ఆయన చేయి అడ్డం పెట్టారు.

“సేవలెవరందిస్తరు చెల్లె? మేం పని చేస్తం.”

కొట్టేసి మళ్లీ రాశాను: ‘పని మారడానికి పాత యజమాని కాగితం అక్కర్లేదు. మీరు రెండేళ్లకు మించి పనిచేస్తే రెండు నెలల ముందు, లేకపోతే ఒక నెల ముందు, కార్మిక మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో నోటీసు పెట్టండి. ఆ గడువు తీరేదాకా పని మానకండి.’

ఆయన వేలు పెట్టి చదివారు. మరోసారి చదివారు. చాయ్ అలాగే వదిలేసి ఫోన్ తీశారు.

“తమ్మీ, రెండు నెల్లు ఆగుమను, వస్తున్న. కఫీల్‌ను అడిగేది లేదు. … మేడం చెప్పుడు కాదురా, నేనే సదివిన.”

పాత కాగితం తిరిగి ఇమ్మంటే ఆయనకు మనసొప్పలేదు. “అలవాటైన కాయితం,” అన్నారు. చివరికి ఇచ్చి, “కొత్తదానికీ ప్లాస్టిక్ ఏసియ్యాలె మరి,” అని షరతు పెట్టారు.

జనవరి చివర ఆయన షహానియాలో డ్యూటీలో చేరారు. అప్పటినుంచి చట్టం మారినప్పుడు నేను సవరణను వేరే కాగితంగా ఇవ్వడం లేదు. మొత్తం కొత్తగా రాసి, పైన తేదీ వేసి, పని చేసేవారొకరు చదివి తమ మాటల్లో నాకు తిరిగి చెప్పాకే లామినేషన్ చేయిస్తున్నాను. పాతది నా చేతికి వచ్చాకే కొత్తది ఇస్తున్నాను.