తాతయ్యకు మిగిలిన ఒక్క మాట

పోయిన వారం నా మోకాలికి వ్యాయామాలు చేయించడానికి ఒక ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చాడు. మంచివాడే. కాకపోతే నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఆంటీకి ఇక్కడ నొప్పి ఉంటుందా?" అని మా కోడల్ని అడిగాడు. కోడలు నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. పర్చూరు దగ్గర మా ఊరూ, ఎనభైల్లో ఒక ఎండాకాలమూ, మా తాతయ్యా గుర్తుకొచ్చారు.

తాతయ్యది పెద్ద గొంతు. పత్తి చేలో ఈ గట్టున నిలబడి పిలిస్తే ఆ చివరి గట్టున ఉన్నవాళ్లు పలికేవారు. అలాంటి మనిషికి, మిరపకాయలు కల్లాల్లో ఆరబోసి ఊరంతా తుమ్ముతున్న రోజుల్లో, పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది: "కాదు". అన్నం కావాలన్నా కాదే, వద్దన్నా కాదే. "జబ్బు చేయకముందూ నాతో ఇదే మాటగా" అనేది నాయనమ్మ.

వారానికి మూడు రోజులు చిలకలూరిపేట నుంచి బస్సులో ఒకావిడ వచ్చి తాతయ్యకు వ్యాయామాలు చేయించేది. ఫిజియోథెరపీ అన్న మాట మా ఇంట్లో ఎవరి నోరూ తిరగక 'ఎక్సర్‌సైజులావిడ' అనేవాళ్లం. ముప్పై ఏళ్లుంటాయి. పక్క ఊరి క్రైస్తవుల పేటలో పుట్టింది. వాళ్లమ్మ ఒకప్పుడు మా చేలో పత్తి తీసిందట. ఆ సంగతి మొదటి రోజే తనే చెప్పింది. రెండో రోజు నుంచి నాయనమ్మ ఆవిడ కాఫీకి ఒక సత్తు గ్లాసు విడిగా కిటికీలో పెట్టింది. ఆవిడ చూసింది. తాగి, కడిగి, అక్కడే బోర్లించేది. డిగ్రీ పరీక్షలు రాసి ఇంటికొచ్చి ఉన్న నేనూ చూశాను. నా కాఫీ నేను తాగేశాను.

మేమందరం తాతయ్య మంచం మీదుగా ఒకరితో ఒకరం మాట్లాడుకునేవాళ్లం. ఆవిడ మాత్రం చిన్న పీట వేసుకుని, ఆయన మొహానికెదురుగా కూర్చుని ఆయనతో మాట్లాడేది. "పెద్దయ్యగారూ, ఇప్పుడు మోచెయ్యి వంచుతాను. నొప్పెడితే కళ్లు మూయండి." చెప్పకుండా ఎప్పుడూ చెయ్యి వేయలేదు.

మూడో వారంలో తాతయ్య అరవడం మొదలుపెట్టాడు. ఆవిడ చేతి వ్యాయామం ముగించి కాఫీ అందుకోగానే మొహం ఎర్రబడి "కాదు! కాదు!" అనేవాడు. రెండు రోజులు చూసి మా బాబాయి తేల్చేశాడు.

"పాతకాలం మనిషమ్మా. నువ్వు ముట్టుకోవడం ఆయనకు ఇష్టం లేనట్టుంది. ఇకనించి మానేద్దాం."

ఆవిడ మొహం కొంచెం పాలిపోయింది. "ఆయన్నే అడుగుతానండి" అని, తాతయ్య ఎడమ చేతిలో రెండు వేళ్లు పెట్టింది.

"పెద్దయ్యగారూ, నన్ను రావద్దంటున్నారా? అవునైతే నా వేళ్లు నొక్కండి."

ఆయన నొక్కలేదు.

"రమ్మంటున్నారా?"

"అబ్బా" అని ఆవిడ నవ్వేసేంత గట్టిగా నొక్కాడు.

"మరి కోపం దేనికండీ? నొప్పికా?" నొక్కలేదు. "మీవాళ్ల మీదా?" నొక్కాడు.

చెయ్యి విడిపించుకుని కిటికీ వైపు చాచాడు. ఎండ పడుతోందనుకుని నాయనమ్మ కిటికీ రెక్క మూసింది. "కాదు!" అని అరిచి, పక్కనున్న స్టూలు మీద తన కాఫీ గ్లాసును ఎడమ చేత్తో పట్టుకుని ఆవిడ ముందుకు తోశాడు. సగం కాఫీ దుప్పటి మీద ఒలికింది.

నాయనమ్మ, "చల్లారిపోయిందిలే, వేరేది తెస్తా" అని లోపలికి వెళ్లి, ఒకేలాంటి రెండు స్టీలు గ్లాసుల్లో కాఫీ తెచ్చింది. ఆవిడ మామూలుగానే తాగింది. "ఇక కాలు పని చూద్దామా, పెద్దయ్యగారూ" అంది.

నాయనమ్మ మారిపోయిందని చెప్పను. మరో నెలపాటు ఆ గ్లాసు అందించేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేది. కిటికీలో గ్లాసు మాత్రం మళ్లీ కనపడలేదు.

వానలు పడేనాటికి తాతయ్య కర్ర ఊతంతో, ఆవిడ భుజం పట్టుకుని వాకిలి దాకా నడిచాడు. రెండేళ్లకు ఆవిడ ఉద్యోగం మారి మంగళగిరి వైపు వెళ్లిపోయింది. తాతయ్య ఇంకో రెండేళ్లు బతికాడు. కొత్త మాట ఒక్కటీ రాలేదు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆయన మంచం పక్కన కూర్చుని అడగాల్సినవి చాలా ఉన్నా, నాకు తీరిక లేదనుకున్నాను. ఇప్పుడు రోజంతా తీరికే. ఆ రోజుల సంగతి అడుగుదామంటే, మా వాళ్లలో మిగిలిన పెద్దదాన్ని నేనే.