నీళ్ళాడిన ఊరు

పొయ్యి మీద సత్తు గిన్నె పెట్టిన కాసేపటికి అడుగు నుంచి సన్నగా ఒక పాట వస్తుంది. ఎవరో తుమ్మెదను దోసిట్లో పట్టుకున్నట్టుంటుంది ఆ చప్పుడు. ఈ మధ్య నాకు మనుషుల మాటలు సరిగా వినపడటం లేదు గానీ ఆ పాట మాత్రం వినపడుతుంది. అది వినగానే మా మనవరాలు గిన్నె దించబోతుంది. "ఆగు" అంటాను. కాసేపటికి పాట ఆగిపోతుంది. అప్పుడు నీళ్ళు అడుగు నుంచి లేచి, వెనక చేతులు కలుపుకుని తిరిగే ఆడవాళ్ళలా గిన్నె నిండా ఎగురుతాయి. అప్పటికి నా కుడికాలు నేల మీద తాళం వేస్తూ ఉంటుంది. మనవరాలు నవ్వుతుంది. ఆ తాళం నా కాలికి నేర్పిన మనిషిని ఆ పిల్ల చూడలేదు. మీరూ చూడలేదు. అందుకే రాస్తున్నాను.

ఆమె పేరు బుద్రి. బుధవారం పుట్టిందని ఆ పేరు. మాకు చుట్టం కాదు, పక్కింటి మనిషి. నేను కోడలిగా ఆ ఊరికి వెళ్ళిన రోజు నుంచీ అత్తా అనే పిలిచాను. అప్పట్లో కొండ మీదికి రోడ్డు లేదు. పెదబయలు సంతకు వెళ్ళాలన్నా చీకటితో లేచి అడవి దారిన నడవాల్సిందే. అలాంటి ఊరి నుంచి బుద్రి అత్త వయసులో ఉండగా మొగుడితో కలిసి అసాం తేయాకు తోటలకు కూలికి వెళ్ళింది. అక్కడ వాంతులూ విరోచనాల జబ్బు కూలీల పాకల్లోకి దిగింది. మొగుణ్ణి అక్కడే మట్టిలో పెట్టి ఒక్కతే తిరిగొచ్చింది. ఊళ్ళో కాన్పులు ఆమే చేసేది. పొడవాటి మనిషి, ముక్కుకు రెండు వైపులా నత్తులు, నోట్లో ఎప్పుడూ నిప్పు కొస లోపలికి పెట్టి పీల్చే అడ్డచుట్ట. ఏ ఇంటికి వెళ్ళినా పొయ్యి మీది గిన్నెలోకి తొంగి చూసి ఒకే మాట అడిగేది.

"కాగాయా, మరిగాయా?"

కాగితే ఒళ్ళు కడుక్కోవడానికి, మరిగితే తాగడానికి. ఆ రెంటికీ నడుమ ఎంత దూరం ఉందో నాకు ఆమె చెప్పేదాకా తెలియదు. "పాడితే సాలదే కోడలా. నీళ్ళు దింసా ఆడాల. అడుగునున్నది పైకొచ్చి, పైనున్నది అడుక్కెళ్ళి, మొత్తం గుంపు కదలాల. అప్పుడు దించు" అనేది. దింసా మా కొండల్లో పెళ్ళికీ పండక్కీ అందరం కలిసి ఆడే ఆట. నీళ్ళకు ఆ ఆట అంటగట్టింది ఆమె ఒక్కతే.

నా మొదటి బిడ్డ ఏడాది నిండకుండానే నీళ్ళ విరోచనాలతో పోయాడు. రెండోది ఆడపిల్ల, గౌరి. దానికి రెండో ఏడు నడుస్తుండగా గెడ్డకు, అంటే మా కొండవాగుకు, ఎగువనున్న ఊళ్ళో అదే జబ్బు మొదలైందని కబురొచ్చింది. ఆ ఊరివాళ్ళు మునిగే గెడ్డా, మేం కుండ ముంచే గెడ్డా ఒకటే. ఆ కబురు విన్నప్పటి నుంచి గౌరిని చంక దించలేదు నేను.

బుద్రి అత్త ఊరి పెద్దల దగ్గరికి వెళ్ళింది. నేనూ పిల్లతో వెనక నిలబడ్డాను. మంచిచెడ్డలు చూసి చెప్పే పెద్దను మావైపు దిసారి అంటారు. మా దిసారి ముసలాయన, మాట మెత్తన. మరిగిన నీళ్ళు తప్ప ఇంకేమీ తాగొద్దని ఊరికి చెప్పమని ఆమె అడగ్గానే తల అడ్డంగా ఊపాడు.

"గెడ్డ తల్లి గదా బుద్రీ. తల్లిని నిప్పు మీద పెడతామా? మరిగిన నీళ్ళు సచ్చిన నీళ్ళు. అయి తాగినోడికి కొండెక్కే బలముంటాదా?"

ఆమె వాదించలేదు. చుట్ట తీసి ఆర్పి చెవి మీద పెట్టుకుంది. "నిజమే బాబూ. మరి నీ కోడలు మొన్ననే నీళ్ళాడింది గదా. ఆ గుంటకి ఏ నీళ్ళు తాగిస్తన్నారు?"

కాన్పు కావడాన్ని మావైపు నీళ్ళాడటం అంటారు, ఆడపిల్లను గుంట అంటారు.

"మరిగినయే. నువ్వే గదా సెప్పినావు."

"ఎందుకు సెప్పినాను?"

"పచ్చి బాలింత. పచ్చి ఒంటికి పచ్చి నీళ్ళు పడవు."

"అదీ మాట. ఎగువూరిలో పాడెలు లేత్తంటే మన కడుపులు పచ్చిగా లేవా? ఇక్కడున్న ఏ తల్లి ఒళ్ళు ఎండిపోయున్నాదో సెప్పు. ఊరంతా నీళ్ళాడినట్టే బాబూ. ఈ గాలి పోయినదాకా ఊరంతా బాలింతే. నీళ్ళాడిన ఊరికి నీళ్ళు ఆడించే ఇయ్యాల."

 దిసారి పళ్ళు లేని నోటితో నవ్వాడు. లేచి వెళ్ళి గెడ్డ ఒడ్డున కోడిని కోసి, ఊరు బాలింత అయిందని తల్లికి చెప్పుకుని వచ్చాడు. ఇక చూడాలి మగవాళ్ళ వేళాకోళం! "ఒరే, నీకేటి పుట్టింది, గుంటడా గుంటా?" అని ఒకడంటే, "కవలలురా, పాలు సాలట్లేదు" అని ఇంకొకడు. కానీ తాగారు. దిసారి మాట పడింది గనుక, అది ఆచారం గనుక, గొణుక్కుంటూనే తాగారు. అసాంలో తాను పోగొట్టుకున్నదాన్ని గురించి ఆమె ఆ రోజు ఒక్క ముక్క ఎత్తలేదు. భయపెట్టి ఒప్పించే వీలున్నా, మాకు తెలిసిన మాటనే మాకు మళ్ళీ గుర్తుచేసి ఒప్పించింది.

ఇళ్ళ దగ్గర కుండలున్నాయి, మరిగించుకోవచ్చు. చిక్కల్లా పోడు మీద. పొద్దంతా కొండవాలు చేలోనే ఉంటాం. నీళ్ళు ఆనపకాయ బుర్రల్లో పట్టుకెళ్ళేవాళ్ళం. బుర్ర నిప్పు మీద నిలవదు, మట్టికుండ రాళ్ళ దారిలో నిలవదు. తెచ్చుకున్న నీళ్ళు అయిపోతే గెడ్డే గతి. "మోసేదీ అదే, మరిగేదీ అదే అవ్వాల. అలాంటిది కావాల" అంది అత్త. నన్ను వెంటబెట్టుకుని సంతకు నడిచింది. పసుపు కొమ్ముల మూట నా నెత్తిన, గౌరి నా చంకన.

మైదానం నుంచి గాడిదల మీద సామాన్లు తెచ్చే వర్తకుడొకడు ఉండేవాడు. వాడు మా ముందు మొదట ఒక రేకు సీసా పెట్టాడు. దాని మీద ఎర్ర గులాబీ, ఆకుపచ్చ చిలక. నాకు కన్ను తిప్పబుద్ధి కాలేదు. గౌరి చిలకను పట్టుకుని లాగుతోంది. అత్త మాత్రం కళ్ళు మూసుకుని సీసా ఒళ్ళంతా వేళ్ళతో తడిమింది, కడుపులో బిడ్డ ఎటు తిరిగిందో చూసినట్టు.

"అతుకున్నాది. అతుక్కి మాటేసినారు" అంది. మాటు అంటే సీసం కరిగించి పోసే అతుకు. "నీళ్ళు ఆడకముందే నీ మాటు కరిగి పొయ్యిలో పడతాది. ఈ రంగు ఎవుడు తాగాల, నీ బావా?"

వర్తకుడు నవ్వి ఇత్తడి సీసా తీశాడు. హంస మెడలా వంపు తిరిగి ఉంది. ఆమె మూతిలో వేలు పెట్టింది, దూరలేదు. "లోపల కళాయి ఉందో పోయిందో ఎలా తెలుత్తాది? బూడిదేసి తోముదామంటే నా వేలే పట్టదు."

"ముసల్దానా, సీసా కొంటన్నావా, పిల్లకి సమ్మందం సూత్తన్నావా?"

"సమ్మందమైతే ఇంత సూడను నాయనా. సెడ్డదైతే వొదిలేసి వొచ్చెయ్యొచ్చు."

చివరికి గోనె అడుగు నుంచి వాడు తీసింది ఎవరో సిపాయి యుద్ధం నుంచి తెచ్చుకుని అమ్ముకున్న సత్తు సీసా. పైన చిరిగిన కంబళి తొడుగు, పక్కన సొట్ట. దాన్ని చూసి నేను మొహం ముడుచుకున్నాను. అత్త తొడుగు విప్పి పారేసింది. ఎక్కడా అతుకు లేదు, ఒకే రేకును సాగదీసి చేసింది. రెండు వేళ్ళు పట్టే మూతి. నేల మీద పెడితే పీట మీద పెద్దమనిషిలా కూర్చుంది. లోపల వాసన చూసి, గోటితో గీకి, ఎండకేసి పెట్టి ఒక కన్నుతో చూసింది. "ఇది మనది" అంది. పసుపు మూట వాడి ముందు పెట్టింది.

దారిలో కర్రముక్క చెక్కి బిరడా చేసింది. దానికి తాడు కట్టి నా కొంగు చివర ముడేసింది. "సీసా నిప్పెక్కేటప్పుడు బిరడా నీ కొంగునుండాల. బిరడా బిగించి నిప్పు మీదెడితే అది సీసా కాదు, తుపాకీ."

ఆ పంటకాలంలోనే ఒకరోజు ఊళ్ళో ఎవరికో నొప్పులు వస్తున్నాయని అత్త మాతో పోడుకు రాలేదు. నేనూ మా ఆయనా గౌరీ వెళ్ళాం. మధ్యాహ్నం పెద్ద వాన కురిసి మా దగ్గర వెలిసింది గానీ, పైకొండల్లో కురుస్తూనే ఉంది. గెడ్డ ఎర్రగా పొంగింది. ఊరు అవతల, మేం ఇవతల. అదే వేళకు గౌరి వాంతి చేసుకుంది. వెంటనే విరోచనాలు. కళ్ళు లోపలికి పోవడం మొదలైంది. ఆ లోపలికి పోయే కళ్ళు నాకు కొత్త కాదు. సీసాలో మరిగించి తెచ్చిన నీళ్ళు గుక్కగుక్కగా పట్టాను. అయిపోయాయి. పిల్ల ఇంకా నోరు తెరుస్తోంది.

ఇంక మిగిలింది ఎర్రనీళ్ళే. నా పైట మడతపెట్టి దానిగుండా సీసాలోకి వడపోశాం. కాపలా మంచె కిందున్న ఎండు వెదుళ్ళు చీల్చి మా ఆయన మంట వేశాడు. కంగారులో బిరడాతోనే సీసా రాళ్ళ మీద పెట్టబోయాడు. నా కొంగు లాగినట్టయింది. చూస్తే బిరడా ముడి. అప్పుడు మూతిలోంచి దాన్ని ఊడదీశాను.

అవతలి ఒడ్డుకు మమ్మల్ని వెతుక్కుంటూ ఊరివాళ్ళు వచ్చారు. మా ఆయన పిల్లను ఎత్తి చూపించాడు. వాళ్ళకు అర్థమైంది. వాళ్ళలోంచి బుద్రి అత్త ముందుకొచ్చి ఏదో అరిచింది. గెడ్డ హోరులో ఏదీ వినపడలేదు. మళ్ళీ అరిచింది. లాభం లేకపోయింది. అప్పుడు ఆమె చీర ఎగదోపి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ బురదలో దింసా మొదలుపెట్టింది. కుడికాలు ముందుకు, వెనక్కు, నడుం వంచి పక్కకు. ఒక్కతే. పక్కవాళ్ళు మతిపోయిందనుకుని పట్టుకోబోతే విదిలించి మళ్ళీ ఆడింది. ఆడుతూ నా వైపే చూస్తోంది.

ఆమె అడుగుతున్నది నాకు తెలిసింది. కాగాయా, మరిగాయా?

సీసా దగ్గరికి పరుగెత్తాను. మూతి దగ్గర ఆవిరి ఉంది, చెవి పెడితే పాట ఉంది. ఆట లేదు. పిల్ల ఏడవడం కూడా మానేసింది. "సాల్లే, వేడెక్కినాయి, పట్టీ" అన్నాడు మా ఆయన, సీసా అందుకోబోతూ. ఆయన కళ్ళ నిండా నీళ్ళు. నేను అవతలికి చూసి చెయ్యి అడ్డంగా ఊపాను. ఇంకా లేదని. ఆమె ఆట ఆపలేదు. నా చేత ఓపిక పట్టించడానికే ఆడుతోందా ఆ ముసలి ప్రాణం అనిపించింది. పాట ఆగింది. సీసా గడగడమని ఒణికింది, మూతిలోంచి నీళ్ళు చిమ్మి నిప్పు మీద చుయ్యిమన్నాయి. నేను ఒడ్డుకు వెళ్ళి, చేతులు వెనక్కి పెట్టుకుని, ఏడుస్తూ ఆడాను. అవతల ఆమె ఆగి, అక్కడే బురదలో కూలబడింది.

చల్లారిన నీళ్ళలో మేం తిండికి తెచ్చుకున్న అంబలి తేటా ఉప్పూ కలిపి ఆకుదొన్నెతో చుక్కచుక్కగా పట్టాం. మళ్ళీ వడపోసి మళ్ళీ మరిగించాం. తెల్లవారేసరికి గౌరి నా జుట్టు పట్టుకుని లాగింది. ఆ నొప్పి అంత తియ్యటిదని నాకు అంతకు ముందు తెలియదు.

గెడ్డ తగ్గగానే అందరికంటే ముందు దాటి వచ్చింది బుద్రి అత్త. పిల్ల పొట్ట తడిమింది, కనురెప్ప తెరిచి చూసింది. నన్ను మెచ్చుకోలేదు. మసిబారిన సీసా చేతిలోకి తీసుకుని తిప్పింది. "నల్లబడింది. ఇప్పుడయింది మనది" అంది. ఆ ఏడు మా ఊళ్ళోనూ చావులు లేకపోలేదు. కానీ ఎగువూరిలా ఇళ్ళకిళ్ళు ఖాళీ కాలేదు. జబ్బు పోయాక దిసారి ఊరికి పురిటిస్నానం చేయించాడు. మగవాళ్ళందరూ గెడ్డలో మునిగి, బాలింతతనం తీరిందని కేకలు పెట్టారు.

సీసా చాలా ఏళ్ళు ఇంటింటికీ తిరిగి, ఏ ఇంట్లోనో అడుగు చిల్లిపడి పోయింది. అత్తా పోయింది. గౌరి పెరిగి, బడి చదువు చదువుకుని, తల నెరిసిన నా చేత పలక పట్టించింది. మొదట నా పేరు రాయమంది. బుద్రి అని రాయడం నేర్పమన్నాను. "దానికి ఒత్తు కావాలమ్మా, నీకింకా ఒత్తులు రాలేదు" అని నవ్వింది. ఒత్తులు వచ్చేదాకా ఆగాను. ఆగడం నాకు ముందే వచ్చు.

ఇప్పుడు కూడా గిన్నె పాడుతోంది. మనవరాలు గుడ్డ పట్టుకుని నా కాలి వైపు చూస్తోంది.